ఫుట్ ఎందుకు ఫీట్ అయింది?

బుక్‌కి ‘స్’ చేరిస్తే బుక్స్. మరి ఫుట్ మాత్రం ఫీట్ ఎందుకైంది?

జవాబుకు దారి మన ‘పిల్లి’ చూపిస్తుంది. ‘లు’ చేరగానే అది ‘పిల్లులు’ అవుతుంది. చివరి ‘ఉ’ తన ముందున్న ‘ఇ’ని కూడా ‘ఉ’గా మార్చేసింది.

ఇంగ్లిష్ తొలిరోజుల్లోనూ అలాంటిదే జరిగింది. పాదం ‘ఫోట్’, పాదాలు ‘ఫోటి’ లాంటి మాట. చివరి ‘ఇ’ లాగడంతో ‘ఓ’ క్రమంగా ‘ఏ’ అయింది. తర్వాత ‘ఇ’ రాలిపోయి ‘ఫేట్’ మిగిలింది. కొన్ని వందల ఏళ్లకు అచ్చుల ఉచ్చారణ మారి అది ‘ఫీట్’ అయింది. టూత్–టీత్, గూస్–గీస్, మౌస్–మైస్‌లదీ ఇదే కథ.

బుక్‌కి కూడా ఒకప్పుడు ‘బేచ్’ అనే బహువచనం ఉండేది. జనం ‘స్’కి అలవాటుపడి దాన్ని వదిలేశారు. ఫీట్, టీత్ మాత్రం రోజూ నోట్లో నాని నిలిచిపోయాయి.