కారు స్ట్రట్ బోల్టు జామ్ అయిందా? బలం చూపించే ముందు ఇది చదవండి..

గోలేటి అంటే సింగరేణి గనులే గుర్తొస్తాయి. ఇక్కడ బొగ్గు దుమ్ము, వానాకాలం బురద.. రెండూ కారు కిందే పేరుకుంటాయి. షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఉండే భాగమే స్ట్రట్. తడి దుమ్ము వదలకపోతే దాని నట్లు, బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. మరి ఎలా ఊడదీయాలి?

ముందు తుప్పు సంగతి:
కారును జాకీ మీదే వదలొద్దు, స్టాండ్లు పెట్టండి. చక్రం తీసి, మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అరగంట ఆగండి.. అయినా కదలకపోతే రాత్రంతా వదిలేయండి. స్ప్రే బ్రేక్ డిస్కు మీద పడకూడదు.

నట్టునే తిప్పాలి:
చాలా కార్లలో కింది బోల్టుకు తల దగ్గర పళ్లు ఉంటాయి. అందుకే తలను కదలకుండా పట్టుకుని నట్టును తిప్పాలి. ఆరు మూలల సాకెట్ వాడితే నట్టు అరగదు. అప్పటికే అరిగిపోతే మెకానిక్‌తో కోయించడమే. మంట మాత్రం పెట్టొద్దు.. స్ట్రట్‌లో ఆయిల్, చాలావాటిలో గ్యాస్ కూడా ఉంటుంది.

అసలు ప్రమాదం ఇదే:
స్ట్రట్ పైభాగంలో నడిమధ్య ఉండే నట్టు జోలికి పోవద్దు. నొక్కి ఉంచిన స్ప్రింగ్‌ను ఆపేది అదే. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పితే స్ప్రింగ్ ఎగిరొచ్చి ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

పాతది మళ్లీ వద్దు:
మర పోయిన బోల్టును తిరిగి బిగించొద్దు. అదే సైజు, తల మీద అదే గ్రేడ్ అంకె.. ఉదాహరణకు 10.9 ఉన్న కొత్తదే వేయాలి. టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.