మెక్సికో వెండి, ముగ్గురు కుర్రాళ్లు, ఏడు వేల పౌండ్ల నష్టం

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్‌లో ముగ్గురం తలా మూడు వేలు వేసుకుని ఒక ట్రేడింగ్ యాప్‌లో ఆప్షన్స్ కొన్నాం. ఒకడి దగ్గర డబ్బుల్లేకపోతే వాడి వాటా కూడా నేనే సర్దాను. రెండు వారాల్లో తొమ్మిది వేలు కాస్తా పన్నెండు వందలయ్యాయి. ఆ రాత్రి గొడవ ఇంకా గుర్తుంది. "కొందామన్నది నువ్వు", "అమ్మొద్దన్నది వాడు" అని. నష్టమొస్తే ఎవరెంత భరించాలో మేం ముందు అనుకోనే లేదు.

మేనేజిరియల్ ఎకనామిక్స్‌లో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అంటే మనకు రెండు మార్కుల ప్రశ్న. దాని అసైన్‌మెంట్ కోసం వెతుకుతుంటే 1825 నాటి లండన్‌లో అచ్చం మాలాంటి ముగ్గురు తగిలారు. వాళ్లలో ఒకడు బెంజమిన్ డిజ్రేలీ. తర్వాత రెండుసార్లు బ్రిటన్ ప్రధాని అయ్యాడు, విక్టోరియాకు భారత సామ్రాజ్ఞి బిరుదు వచ్చింది ఈయన హయాంలోనే. అప్పటికి మాత్రం ఇరవై ఏళ్లవాడు. లాయర్ల ఆఫీసులో పని నేర్చుకున్న కుర్రాడు.

ముందు ఆ కాలం సంగతి చెప్పాలి. మెక్సికో, కొలంబియా లాంటి దేశాలు అప్పుడే స్పెయిన్ చేతిలోంచి బయటపడ్డాయి. లండన్ వర్తకులకు కొత్త మార్కెట్లు దొరికాయి. ఆ వర్తక సంస్థలు ఎక్కువగా ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్న భాగస్వామ్యాలు. భాగస్వాముల పేర్లే సంస్థ పేరు: హెర్రింగ్, గ్రాహమ్ అండ్ పౌల్స్ అని. 'లిమిటెడ్' అన్న సదుపాయం మామూలు కంపెనీలకు ఇంగ్లాండులో 1855లో గానీ రాలేదు. సంస్థ మునిగితే భాగస్వామి సొంత ఇల్లు కూడా అప్పులవాళ్లకే పోతుంది. వ్యాపారం పేరు మీద ఒకడు సంతకం పెడితే మిగతావాళ్లూ ఇరుక్కున్నట్టే.

ఇంత ప్రమాదం ఉన్నవాళ్లకు ఓడ సరుకు కన్నా కాగితం అమ్మడం తేలిగ్గా కనిపించింది. 1822లో కొలంబియాకు 20 లక్షల పౌండ్ల అప్పును లండన్‌లో బాండ్లుగా అమ్మిపెట్టింది ఈ హెర్రింగ్ సంస్థే. అక్కడితో ఆగకుండా జాన్ డిస్టన్ పౌల్స్ గని కంపెనీల వైపు మళ్లాడు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆంగ్లో-మెక్సికన్ గనుల కంపెనీ షేరు విలువ 100 పౌండ్లు. చేతిలో పెట్టాల్సింది 10 మాత్రమే. మిగతాది కంపెనీ 'కాల్' చేసినప్పుడల్లా కట్టాలి. 1824 డిసెంబర్ 10న ఆ షేరు ప్రీమియం 33 పౌండ్లు, నెల తిరిగేసరికి, అంటే జనవరి 11న, 158. ఆ నెలలో గనిలో జరిగిందేమీ లేదు. తక్కువ డబ్బుతో ఎక్కువ పందెం అన్నమాట. మన ఆప్షన్స్ కన్నా ఒక రకంగా ఘోరం, ఎందుకంటే మేం కొన్నదాంట్లో పెట్టిందే పోతుంది, అక్కడ పెట్టనిది కూడా బాకీయే.

డిజ్రేలీ, ఆఫీసులో తోటివాడు ఎవాన్స్, ఒక షేర్ బ్రోకర్ కొడుకు మెస్సర్ కలిసి ఇందులో దిగారు. ధరలు పడటం మొదలయ్యాక డిజ్రేలీ పౌల్స్ కోసం గని కంపెనీలను సమర్థిస్తూ పేరు లేకుండా కరపత్రాలు రాశాడు. మెక్సికో ముఖం కూడా చూసినవాడు కాదు. ఇప్పుడైతే రీల్స్ చేసేవాడు. 1825 జూన్ చివరికి ముగ్గురి నష్టం 7,000 పౌండ్లు.

అయినా బుద్ధి రాలేదు. ఆగస్టులో పౌల్స్‌తో, పుస్తకాల ప్రచురణకర్త జాన్ మరేతో కలిసి దినపత్రిక పెట్టడానికి ఒప్పందం రాసుకున్నాడు: మరేకు సగం, మిగతా ఇద్దరికీ పావు పావు. డిసెంబర్‌లో మార్కెట్ కూలి బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. పావు వాటాలవాళ్లిద్దరూ తమ డబ్బు తేలేదు. పత్రిక ఆరు నెలలు నడిచి ఆగింది, 26,000 పౌండ్ల నష్టం మరే నెత్తిన పడింది.

అన్ని కంపెనీలూ కాగితాలేనా అంటే కాదు. రియల్ డెల్ మోంటే అనే కంపెనీ నిజంగానే ఆవిరి యంత్రాలనూ, కార్న్‌వాల్ గని పనివాళ్లనూ మెక్సికో పంపింది. తీరంలో ఎల్లో ఫీవర్‌కు చాలామంది చచ్చిపోయారు, యంత్రాలు కొండమీది గనికి చేరేసరికి మరుసటి ఏడాది వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా తవ్వి, నష్టాలతోనే 1840ల చివర్లో అమ్మేసుకున్నారు. ఆ కంపెనీ వెనకున్న జాన్ టేలర్ కుటుంబ సంస్థే 1880లో కోలార్‌కు వచ్చింది. అవును, మన కేజీఎఫ్. అక్కడ మాత్రం బంగారం పడింది.

డిజ్రేలీ ఆ కుర్రతనపు అప్పు పూర్తిగా తీర్చేసరికి 1849 అయింది. అప్పటికి నలభై నాలుగేళ్లవాడు, పార్లమెంటు సభ్యుడు.

మా వాడు నాకింకా పదిహేను వందలు ఇవ్వాలి. ఈ ఇ-మ్యాగజైన్ వాడు కూడా చదువుతాడు.