పౌర సంస్థలకు బలమెక్కడిది? ఓరంగీ అనుభవం

వర్ధమాన దేశాల్లో పౌర సంస్థలను బలపరచాలనే మాట తరచు వినబడుతూ ఉంటుంది. అయితే సంస్థకు బలమంటే ఏమిటి? విరాళాలా, భవనాలా, రిజిస్టరులోని సభ్యుల సంఖ్యా? ఈ ప్రశ్నకు కరాచీ నగరంలోని ఓరంగీ అనే పేదల బస్తీలో లభించిన సమాధానం పరిశీలింపదగినది.

ఓరంగీ 1965 ప్రాంతంలో ఏర్పడింది. 1971 తర్వాత బంగ్లాదేశ్ నుండి తరలివచ్చిన బిహారీ కుటుంబాలు అనేకం అక్కడ స్థిరపడ్డాయి. ఇళ్లు ఎవరికి వారే కట్టుకున్నారు. మురుగునీటికి మాత్రం దారి లేదు. బకెట్ మరుగుదొడ్లు, నిండిపోయిన ఇంకుడు గుంటలు, గల్లీ నడుమ నిలిచిన మురుగు, దాని వెంట వచ్చే వ్యాధులు. బస్తీ నిత్యజీవితం అది.

1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ పని ప్రారంభించారు. 1914లో ఆగ్రాలో జన్మించిన ఆయన ఐ.సి.ఎస్. ఉద్యోగాన్ని వదులుకొని, అలీగఢ్ సమీపంలోని ఒక పల్లెలో కూలీగా, తాళాలు చేసే పనివానిగా బ్రతికి చూసినవారు. తర్వాత జామియా మిల్లియాలో బోధించారు. కొమిల్లాలో గ్రామాభివృద్ధి అకాడమీని తీర్చిదిద్దారు.

కాలువలు ప్రభుత్వమే ఉచితంగా వేయించాలన్నది బస్తీవాసుల కోరిక. అది న్యాయమైన కోరికే. కాని ప్రభుత్వ అంచనాలు పేదలకు అందేవి కావు. ఖాన్‌గారు ఆ అంచనాలనే ప్రశ్నించారు. కాంట్రాక్టరు లాభం, చేతులు మారే సొమ్ము, అవసరానికి మించిన నిర్మాణం తీసివేస్తే మిగిలేదెంత? మ్యాన్‌హోళ్లకు స్థానికంగానే ఇనుప అచ్చులు చేయించారు, మేస్త్రీలకు శిక్షణ ఇప్పించారు. తొలి సంవత్సరాలలో ఒక్కో ఇంటికి పడిన ఖర్చు సుమారు వెయ్యి రూపాయలు.

ఇరవై, ముప్పయి ఇళ్ల గల్లీయే ఒక సంఘం. గల్లీవారు తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుంటారు. ఆ వ్యక్తి దరఖాస్తు చేస్తే ఓరంగీ పైలట్ ప్రాజెక్టు కార్యకర్తలు వచ్చి కొలతలు తీసి, నక్షా, అంచనా తయారుచేసి, పనిముట్లు అరువిస్తారు. డబ్బు మాత్రం ముట్టరు. వసూలు చేయడం, ఖర్చు పెట్టడం, లెక్క చెప్పడం గల్లీవారి పని. కీలకమంతా ఇక్కడే ఉంది. ఉచితంగా వచ్చినదానికి ఎవరూ లెక్క అడగరు. సొంత జేబులోంచి పోయినప్పుడు సిమెంటు బస్తాలు కూడా లెక్కపెడతారు. ప్రారంభంలో తగాదాలు, నాసిరకం పనులు లేకపోలేదు. అయినా క్రమేణా 90,000కు పైగా ఇళ్లకు ఈ కాలువలు చేరాయి.

ప్రజలే చేసుకోగలిగితే ప్రభుత్వం దేనికి అని ఎవరైనా అనవచ్చు. అది పొరపాటు. గల్లీ కాలువ చివరకు నాలాలో కలవాలి. నాలాను బాగుచేయడం, మురుగును శుద్ధిచేయడం ఏ గల్లీకీ సాధ్యం కాదు. అందుకే ఇంటి మరుగుదొడ్డి, గల్లీ కాలువ ప్రజల వంతు, పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం వంతు అని విభజించారు. 2006 నాటి పాకిస్తాన్ జాతీయ పారిశుధ్య విధానం ఈ పద్ధతిని అంగీకరించింది. ప్రజలు తమ వంతు పూర్తి చేసినంత వేగంగా ప్రభుత్వం తన వంతు పూర్తిచేయలేదు.

గల్లీ కొలతలతో మొదలైన పని కరాచీ నాలాల, బస్తీల నక్షాలుగా పెరిగింది. బస్తీ యువకులే కొలిచి గీసిన నక్షాలవి. నక్షా చేతిలో ఉన్నవాడు అధికారి ఎదుట అర్జీదారుగా కాక తెలిసినవాడుగా మాట్లాడతాడు. కోరంగీ మురుగునీటి పథకానికి ఆసియా అభివృద్ధి బ్యాంకు ఋణం తీసుకోనక్కరలేదని, ఇప్పటికే ఉన్న కాలువలను వాడుకుంటే ఎంతో చౌకగా పని జరుగుతుందని ఇటువంటి సమాచారంతోనే వాదించారు. 1999లో ఆ ఋణం రద్దయింది. అదే సంవత్సరం ఖాన్‌గారు మరణించారు.

తెలిసినదాన్ని బయటపెట్టడానికి మూల్యమూ ఉంటుంది. 1980 దశకంలో ఈ పనిలో చేరిన వాస్తుశిల్పి పర్వీన్ రహ్మాన్ నక్షాల పనికి నాయకత్వం వహించారు. భూములు ఎలా కబ్జా అవుతున్నాయో, నగరపు నీరు ఎక్కడ దొంగిలింపబడి ట్యాంకర్లకెక్కుతున్నదో నమోదు చేయించారు. 2013 మార్చి 13న ఆఫీసు నుండి ఇంటికి వెళుతుండగా ఆమెను కాల్చి చంపారు. 2021లో కొందరికి యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2022లో సింధ్ హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది.