చిన్న కారు కొంటున్నారా? స్క్రీన్ తర్వాత, ముందు బెల్టు చూడండి

షోరూంలో పెద్ద స్క్రీన్ చూడగానే పిల్లలు మురిసిపోతారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలో వలీమాకో, కొల్లేరు దాటి కైకలూరులో చుట్టాలింటికో వెళ్లే కుటుంబం మాత్రం సీట్లు, బెల్టులు చూసుకోవాలి. మన ఇళ్లలో చిన్నపిల్లలు ముందు సీట్లో చాచా ఒళ్లోనే కూర్చుంటారు కదా!

ముందు రెండు ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. 2025లో మారుతి ఆల్టో కె10, వ్యాగన్ ఆర్‌లకు కూడా ఆరు ఇచ్చింది. మంచిదే. అయితే బెల్టు పెట్టుకుంటేనే అవి సరిగ్గా కాపాడతాయి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులోపే ఉబ్బుతుంది. ఒళ్లో బిడ్డ ఉంటే ఆ దెబ్బకే ప్రాణం పోవచ్చు.

వెనక కూర్చుంటే ఏం కాదనుకోవద్దు. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారు వెనక సీట్లోనే. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద రూ.1,000 జరిమానా. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని అడగండి. బుర్ఖా మీద పెట్టుకున్నా బెల్టు ఒంటికి ఆనుకునే ఉండాలి. గర్భిణులకు నడుం పట్టీ పొట్ట కిందుగా రావాలి.

క్రాష్ టెస్టు స్టార్లు కూడా అడగండి. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి ఇస్తోంది.

ఇక సౌకర్యం సంగతి. చలికాలం తెల్లవారుజామున కొల్లేరు దారిలో అద్దాలకు లోపల తేమ పడుతుంది. ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి తిప్పితే పోతుంది. వెనక అద్దానికి డీఫాగర్ కావాలి. ఈ దారుల్లో సన్‌రూఫ్ కన్నా అదే పనికొస్తుంది. బేస్ వేరియంట్‌లో ఉందో లేదో బ్రోచర్‌లో చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.