హీరో పర్సనాలిటీ... తాతయ్య గొంతు!

మద్రాసు నుంచి కలకత్తాకి పోయే పాత అయిదో నెంబరు జాతీయ రహదారి (ఇప్పుడు దాని నెంబరు 16) మన ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగానే పోతుంది. 1980లలో ఆ రోడ్డుకి ఈ కొసన ఒక కారు, ఆ కొసన ఇంకో కారు పుట్టాయి. రెండూ అందగాళ్ళే! రెండిటికీ ఒకటే జబ్బు... గుండె బలహీనం. ఒకదానికి ఆపరేషన్ జరిగింది. జరగనిదాని కథ చెబుతాను, వినండి.

దాని పేరు స్టాండర్డ్ 2000. పేరు వినలేదా? మీ తప్పేం లేదు. చూసినవాళ్ళే తక్కువ.

ఆ బాడీ మాత్రం సామాన్యమైంది కాదు. ఇంగ్లండులో 1976లో వచ్చిన రోవర్ ఎస్.డి.1 అది. ఫెరారీ డేటోనా అందాన్ని మనసులో పెట్టుకుని గీసిన ముక్కు, వెనక్కి జారే వీపు! 1977లో యూరప్ 'కార్ ఆఫ్ ది ఇయర్' బిరుదు దానికే. అక్కడ ఆ పొడుగాటి బానెట్ కింద కూర్చున్నది 3,528 సి.సి. ఇంజను, ఎనిమిది సిలిండర్లు.

1985లో మద్రాసు స్టాండర్డ్ కంపెనీ ఆ కారుని మన దేశంలో దించింది. బానెట్ ఎత్తి చూస్తే... నాలుగు సిలిండర్లు, 1,991 సి.సి. యుద్ధం అయిపోయిన కొత్తలో వచ్చిన వాన్‌గార్డ్ కారు ఇంజను వంశం! సినిమా భాషలో చెప్పాలంటే, తెర మీద ఆరడుగుల హీరో స్లో మోషన్‌లో నడిచొస్తాడు. నోరు తెరిస్తే పక్కింటి తాతయ్య డబ్బింగు!

అలాగని తాతయ్యని మరీ తిట్టకండి. ఆయన చుట్టాల్లో ఒకరు ఫెర్గూసన్ ట్రాక్టరులో దుక్కి దున్నారు. ఇంకొకరు ట్రయంఫ్ టి.ఆర్.2 అనే స్పోర్ట్సు కారులో రేసులాడారు. కానీ 1985 నాటికి ఆయన వయసు అయిపోయింది. అప్పటికే, 1983 డిసెంబరులో, మారుతీ 800 వచ్చి కూర్చుంది. ఖరీదెక్కువ, మైలేజీ తక్కువ కారుని ఎవరు కొంటారు? 1988కల్లా ఆట ముగిసింది.

ఇక కలకత్తా కొసన పుట్టింది కాంటెస్సా. 1984లో వచ్చింది. బాడీ ఇంగ్లండు వాక్స్‌హాల్‌ది, ఇంజను మన అంబాసిడర్ 1,489 సి.సి.దే! శక్తి సుమారు 50 గుర్రాలు. ఆ ఒళ్ళుకి ఆ గుర్రాలేం చాలతాయి? కానీ ఆ కంపెనీ మొండికెయ్యలేదు. దశకం ముగిసేలోపే జపాన్ ఇసుజు 1,817 సి.సి. ఇంజను, అయిదు గేర్లు పెట్టేసింది. గుర్రాలు 88 అయ్యాయి. కుర్రకారు ఊరుకుంటారా! 2002లో తయారీ ఆగిపోయినా కాంటెస్సా పిచ్చి ఇప్పటికీ తగ్గలేదు. స్టాండర్డ్ 2000ని మాత్రం ఎవరూ తలుచుకోరు. ఇది అన్యాయం కాదూ?

నిజానికి ఇంజను మార్చడం మన గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్తా? పెట్రోలు అంబాసిడర్లో డీజిలు ఇంజను దింపి పదిమందిని ఎక్కించుకున్న టాక్సీలు ఎన్ని తిరగలేదు! కొల్లేరు చెరువు గట్ల మీద ఏ ఇంజను ఏ పంపుకి బిగించారో అడిగితే ఒక పూట పడుతుంది.

అందుకని నా ఓటు ఆపరేషన్‌కే. ఎనిమిది సిలిండర్లు పట్టిన జాగా కాబట్టి లోపల చోటుకి కరువు లేదు. అయితే ఏ ఇంజను పడితే అది కుదరదు. ఇప్పటి చిన్నకార్ల ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది. మన వీరుడికి నిలువుగా కూర్చుని వెనక చక్రాలు తిప్పేది కావాలి. చైను కప్పీ కట్టి దింపడం ఒక్కరోజు పని. అసలు పని తర్వాత ఉంది. మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయించాలి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడుగు లేతులో సరిచేయించాలి, రేడియేటరు పెంచాలి. మే నెలలో ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో బానెట్ లోంచి ఆవిరి పొగలొస్తే కొల్లేరు కొంగలు నవ్వుతాయి! వేగం పెంచినవాడు బ్రేకులు పెంచకపోతే అది సరదా కాదు, కేసు.

కేసంటే గుర్తొచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. సి-బుక్కులో కొత్త నెంబరు ఎక్కాలి. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఈ తిరుగుడుకి విసిగే చాలామంది పాత కార్లని తూకానికి వేసేస్తున్నారు. కాటా మీద ఫెరారీ ముక్కయినా, రేకు డబ్బా అయినా కిలో ధర ఒకటే!

ఒక్క మాట. దించిన తాతయ్యని అమ్మేయకండి. సిలిండర్లలో నూనె పోసి, తుప్పు పట్టకుండా గోనెపట్టా చుట్టి, షెడ్డులో ఓ మూల పెట్టండి. రేపు మీ అబ్బాయి అసలు గొంతే వింటానంటే?