సరుకు దిగింది, మనిషి దిగలేదు

డోర్నకల్‌కు సముద్రం చాలా దూరం. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలు మార్గంలో, కొత్తగూడెం వైపు దారి చీలే జంక్షన్ మనది. మన చెవులకు అలవాటైంది రైలు కూతే కానీ ఓడ కూత కాదు. అయినా మన బతుకులు ఓడలతో ముడిపడే ఉన్నాయి. మన మిర్చి, పత్తి చేలల్లో చల్లే పొటాష్ దాదాపు అంతా విదేశాల నుంచి ఓడల మీదే వస్తుంది. మన వంటింట్లోని పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేసియా, మలేసియాల నుంచి సముద్రం దాటి వచ్చిందే. ప్రపంచ వాణిజ్యంలో నూటికి 80 పాళ్ళకు పైగా సరుకు ఓడల మీదే సాగుతుంది.

ఆ ఓడలను నడిపే మనుషుల్ని 2020, 2021 సంవత్సరాల్లో ప్రపంచం ఎలా చూసింది? ఓడలో ఉన్నవాడు నేల మీదికి దిగలేకపోయాడు. నేల మీద ఉన్నవాడు ఓడను చేరుకోలేకపోయాడు. ఆ రోజుల్ని మనం ఇప్పటికే సగం మరిచిపోయాం. విశ్వాసులమైన మనం మరిచిపోకూడని సంగతులు అందులో కొన్ని ఉన్నాయి.

ఇంటి నుంచి ఓడ దాకా

ఓడ ఉద్యోగం అంటే రేవుకు వెళ్ళి ఓడ ఎక్కడమే అనుకుంటాం. నిజానికి చాలామంది భారతీయ నావికులు విమానంలో పరాయి దేశానికి వెళ్ళి, అక్కడి రేవులో ఆగిన ఓడను అందుకుంటారు. డోర్నకల్ నుంచి అలా బయలుదేరిన ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాలి. అక్కడి నుంచి ముంబయి, ముంబయి నుంచి సింగపూరో దుబాయో చేరాలి. చేతిలో పాస్‌పోర్టు, నావికుడి గుర్తింపు పుస్తకం, శిక్షణ సర్టిఫికెట్లు, కంపెనీ ఇచ్చిన ఉత్తరం ఉండాలి. కరోనా కాలంలో వీటికి ఆర్టీపీసీఆర్ పరీక్ష రిపోర్టు, హోటల్ గదిలో రోజుల తరబడి క్వారంటైన్, మళ్ళీ పరీక్ష వచ్చి చేరాయి. ఇన్ని దాటినా, చేరవలసిన దేశం రాత్రికి రాత్రి ప్రవేశ నిబంధన మారిస్తే వెనక్కి తిరగవలసిందే.

ఓడ అతని కోసం ఆగదు. రేవులో దాని గడువు కొన్నిసార్లు ఒక్క రోజే. అతడు చేరకపోతే, అతని స్థానంలో పనిచేస్తున్నవాడు ఇంటికి రావడానికి వీల్లేదు. ఎందుకంటే కావలసినంత సిబ్బంది లేకుండా ఓడ కదలకూడదు. కాబట్టి ఇక్కడ ఒకడు ఆగిపోతే అక్కడ ఇంకొకడు చిక్కుకుపోతాడు. ఇక్కడివాడికి ఓడ ఎక్కితే తప్ప జీతం మొదలుకాదు, అక్కడివాడికి ఒప్పందం ముగిసినా సెలవు రాదు. ఒక మూసిన తలుపు రెండు కుటుంబాలను ఏడిపించింది.

మూతపడిన రేవులు

2020 ఫిబ్రవరి 3న 'డైమండ్ ప్రిన్సెస్' అనే విహార నౌక జపాన్‌లోని యోకొహామా చేరింది. అందులో 3,711 మంది ఉన్నారు. వారిలో 712 మందికి వ్యాధి సోకింది. 138 మంది భారతీయుల్లో 132 మంది నౌక సిబ్బందే. ప్రయాణికులు గదుల్లో ఉంటే వాళ్ళకు భోజనం మోసింది ఆ సిబ్బందే. అదే నెలలో 'వెస్టర్‌డామ్' అనే మరో నౌకను జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గ్వామ్, థాయిలాండ్ ఒకదాని తర్వాత ఒకటి రానివ్వలేదు. చివరికి ఫిబ్రవరి 13న కంబోడియా తన సిహనూక్‌విల్ రేవులో చోటిచ్చింది. పెద్ద దేశాలు తలుపు వేస్తే పేద దేశం తలుపు తీసింది.

మార్చి నెలాఖరుకు మన దేశమూ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది, లాక్‌డౌన్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకుని, చేపల పడవల్లోనే వారాల తరబడి గడిపారు. ఏప్రిల్ చివర్లో గాని వారిని బస్సుల్లో తీసుకురావడం మొదలు కాలేదు. సొంత దేశంలోనే పడవ దిగలేని స్థితి అది.

2020 చివరికి ప్రపంచమంతటా దాదాపు 4 లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడల మీదే ఉండిపోయారని, ఓడ ఎక్కలేక ఇళ్ళ దగ్గర ఎదురుచూస్తున్నవారూ ఇంచుమించు అంతేమంది ఉన్నారని అంతర్జాతీయ సంస్థలు లెక్కగట్టాయి. అంతర్జాతీయ కార్మిక ఒప్పందం ప్రకారం నావికుణ్ణి ఒకే విడతలో 11 నెలలకు మించి ఓడ మీద ఉంచకూడదు. కొందరు 17 నెలలు దాటి ఉండిపోయారు.

'జగ్ ఆనంద్' ఓడ సంగతి మనకు బాగా తెలిసిందే. ఆస్ట్రేలియా బొగ్గుతో వెళ్ళిన ఆ ఓడ 2020 జూన్ నుంచి చైనాలోని జింగ్‌టాంగ్ రేవు బయట లంగరు వేసుకుని నిలబడింది. అందులో 23 మంది భారతీయులు. సరుకు దించనివ్వలేదు, సిబ్బంది మారడానికీ ఒప్పుకోలేదు. చివరికి 2021 జనవరిలో ఓడ జపాన్‌లోని చిబాకు వెళ్ళాక వాళ్ళు ఇల్లు చేరారు. అలాగే చిక్కుకున్న 'అనస్తాసియా' ఓడలోని 16 మంది భారతీయులు ఫిబ్రవరిలో తిరిగివచ్చారు. తీరం కనిపిస్తూనే ఉంటుంది, అడుగు పెట్టడానికి ఉండదు. అంతకంటే కఠినమైన చెర ఏముంటుంది?

రెండో ఏడు రెండింతల కష్టం

2021 ఏప్రిల్‌లో మన దేశంలో రెండో వేవ్ విరుచుకుపడింది. భారత్ నుంచి వచ్చేవారికి సింగపూర్ తలుపులు మూసింది. మన నుంచి వచ్చే విమానాలను యూఏఈ ఆపేసింది. ఆస్ట్రేలియా కూడా కొన్నాళ్ళు అదే చేసింది. భారత నావికులు ఓడలు ఎక్కే ముఖ్యమైన చోట్లే అవి. నిన్నటిదాకా అందరూ కోరుకున్న పనివాడు ఒక్కసారిగా ఎవరికీ అక్కరలేనివాడయ్యాడు.

వ్యాక్సిన్ వచ్చాకనైనా దారి దొరుకుతుందనుకుంటే అక్కడా చిక్కే. మన హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు 2021 నవంబర్ 3న గాని రాలేదు. అందాకా, ఆ సంస్థ జాబితాను చూసి ప్రవేశం ఇచ్చే దేశాల లెక్కలో కొవాగ్జిన్ వేయించుకున్నవాడు టీకా వేయించుకోనివాడితో సమానం. ఒంట్లో రక్షణ ఉన్నా కాగితంలో లేకపోయింది.

వేరుచేయడం వేరు, విడిచిపెట్టడం వేరు

దేశాలు తలుపులు మూయడం పాపమా? అలా తొందరపడి తీర్పు చెప్పలేం. తన ప్రజల ప్రాణాలు కాపాడటం పాలకుల బాధ్యత. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు కూడా ఓడల మీద గట్టి తనిఖీలు వచ్చాయి. ఆ మరుసటి ఏడు వచ్చిన 1897 అంటువ్యాధుల చట్టం ఓడలను, ప్రయాణికులను తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. 2020లో మన ప్రభుత్వాలు చేతికి తీసుకున్నదీ ఆ చట్టాన్నే.

బైబిలు కూడా వేరుచేయడాన్ని తప్పు పట్టలేదు. లేవీయకాండం 13వ అధ్యాయంలో అనుమానం ఉన్న రోగిని ఏడు రోజులు ప్రత్యేకంగా ఉంచాలని, అవసరమైతే మరో ఏడు రోజులు ఉంచాలని ఉంది. మనం చదివి దాటిపోయే ఆ అధ్యాయాన్ని కరోనా మనకు మళ్ళీ చదివించింది. అయితే దాని తర్వాతి అధ్యాయంలో ఒక మాట ఉంది, గమనించారా? వేరుగా ఉంచిన మనిషిని చూడటానికి యాజకుడే పాళెం వెలుపలికి వెళ్ళాలి. రోగి లోపలికి రాకూడదు, కానీ యాజకుడు బయటికి వెళ్ళి తీరాలి. అతడు బాగయ్యాడని తెలిస్తే లోపలికి తీసుకురావడానికి పద్ధతి కూడా అక్కడే రాసి ఉంది.

ఇదీ దేవుని నియమం. వేరుచేయడానికి గడువు ఉంటుంది, పరామర్శ ఉంటుంది, తిరిగివచ్చే దారి ఉంటుంది. ఈ మూడూ లేకపోతే దాన్ని విడిచిపెట్టడం అనాలి. నావికుల విషయంలో చాలా దేశాలు గడువు చెప్పలేదు, పరామర్శించలేదు, దారి చూపలేదు. వాళ్ళు తెచ్చిన మందులను, తిండిగింజలను, నూనెను మాత్రం దించుకున్నాయి.

గోధుమలు సముద్రంలోకి, మనుషులు ఒడ్డుకు

అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలను ఈ వెలుగులో మళ్ళీ చదవండి. ఖైదీగా రోమాకు వెళ్తున్న పౌలు ఎక్కింది అలెక్సంద్రియ ఓడ. అందులో 276 మంది, గోధుమల సరుకు ఉన్నారు. లూకా ఆ ప్రయాణాన్ని 'మేము' అంటూ రాస్తాడు, అంటే అతడూ ఆ తుపానులో తడిసినవాడే. పద్నాలుగు రోజులు సూర్యుడు లేడు, నక్షత్రం లేదు. ఓడ పోతుంది గాని ఒక్క ప్రాణమూ పోదని పౌలు ధైర్యం చెప్పాడు. చివరికి ఓడను తేలిక చేయడానికి గోధుమలను సముద్రంలో పారబోశారు. ఖైదీలను చంపేద్దామని సైనికులు అనుకుంటే శతాధిపతి అడ్డుపడ్డాడు. సరుకు పోయింది, ఓడ పగిలింది, మనుషులందరూ ఒడ్డు చేరారు.

2020లో మనం చేసింది దీనికి తలకిందులు కదూ? సరుకు ఒడ్డు చేరింది, మనుషులు సముద్రంలో మిగిలారు.

ఆ ఒడ్డు మెలితే ద్వీపం, నేటి మాల్టా. అక్కడివారికి వచ్చినవాళ్ళెవరో తెలియదు. పైగా వారిలో ఖైదీలున్నారు. అయినా వాన, చలి చూసి నిప్పు రాజేసి దగ్గరికి పిలిచారు. ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు ఆతిథ్యం ఇచ్చాడు. ఆ సమయంలో పొప్లి తండ్రి జ్వరంతో, రక్తభేదితో మంచాన పడి ఉన్నాడు. ఇంట్లో రోగి ఉన్నా పొప్లి తలుపు వేసుకోలేదు. తెరిచిన ఆ తలుపు గుండానే పౌలు లోపలికి వెళ్ళి ప్రార్థన చేశాడు, తండ్రి బాగయ్యాడు. ఆతిథ్యం పొందినవాడి చేతి మీదుగానే ఆ ఇంటికి స్వస్థత వచ్చింది.

అజరయ్యగారు అడిగినది

ఓడ ప్రయాణం మన డోర్నకల్ చరిత్రకు కొత్త కాదు. తిరునల్వేలి ప్రాంతం నుంచి 1909లో మన ప్రాంతానికి పరిచర్యకు వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1910లో సముద్రం దాటి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్ళారు. అప్పటికి మన దేశంలో పాస్‌పోర్టు చట్టం లేదు, అది 1920లో వచ్చింది. దేశంలోకి ప్రవేశం ఆయనకు కష్టం కాలేదు. హృదయాల్లోకి ప్రవేశమే కష్టమని ఆయన అక్కడ చెప్పారు. మిషనరీలు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇంకా కావలసింది స్నేహమేనని ఆ సభలో నిర్మొహమాటంగా అడిగారు. కొందరు నొచ్చుకున్నా ఆ మాట నేటికీ చెరగలేదు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొంది, ఆయన డోర్నకల్ పీఠాన్ని అలంకరించారు. పరాయి భాష అయిన తెలుగును నేర్చుకుని మనవాడైపోయారు.

నావికులకు కావలసిందీ అదే స్నేహం. దాన్ని ఎరిగిన సంఘాలు లేకపోలేదు. 1835లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ జలసంధిలో జాన్ ఆష్లీ అనే పాదిరి, లంగరు వేసిన ఓడల్లోని వారికి కాపరి ఎవరూ లేరని గ్రహించి తానే పడవ మీద వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ పనికి కొనసాగింపుగా 1856లో ఏర్పడిన సంస్థ నేడు 'మిషన్ టు సీఫేరర్స్'. 1920లో గ్లాస్గోలో మొదలైన కతోలిక పరిచర్య నేడు 'స్టెల్లా మారిస్'. కరోనా రోజుల్లో ఓడ ఎక్కడానికి వీలులేనప్పుడు వీరి సేవకులు ఓడ నిచ్చెన కింద నిలబడి సిమ్ కార్డులు, కావలసిన వస్తువులు అందించారు. ఫోన్లలో, ఆన్‌లైన్‌లో మాట్లాడి ఓదార్చారు. పాళెం వెలుపలికి వెళ్ళిన యాజకుడు అంటే అదే.

లోకమూ కొంత నేర్చుకుంది. నావికులను అత్యవసర సేవకులుగా గుర్తించాలని 2020 డిసెంబర్ 1న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ తీర్మానించింది. 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ గుర్తింపును నావికుల ఒప్పందంలోనే చేర్చడానికి ఆమోదం తెలిపింది. కాగితం మీద రాసుకున్నది రేపు మరో వ్యాధి వచ్చినప్పుడు నిలుస్తుందా లేదా అన్నది మన మనసుల మీద ఆధారపడి ఉంది.

అందుకే మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏటా జూలై రెండో ఆదివారాన్ని చాలా సంఘాలు 'సముద్ర ఆదివారం'గా పాటిస్తాయి. ఆ రోజు మన ఆరాధనలో నావికులను పేరుపెట్టి తలుచుకుందాం. ఉద్దానం పల్లెల నుంచి, విశాఖ నుంచి, మన జిల్లాల నుంచి ఓడ ఎక్కిన బిడ్డల ఇళ్ళకు వెళ్ళి వారి తల్లిదండ్రులను, భార్యాపిల్లలను పలకరిద్దాం. ఇక మన వీధి సంగతి. 2020లో నగరాల నుంచి తిరిగివచ్చిన వలస కూలీలను ఊరి పొలిమేరల్లో ఆపిన పల్లెలు మన రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆపడం అవసరమే కావచ్చు. ఆపినవాడికి అన్నం పట్టుకెళ్ళింది ఎందరు?

అజరయ్యగారి కాలంలో 1939లో ప్రతిష్ఠించిన మన డోర్నకల్ మహా దేవాలయం పేరు ఎపిఫనీ కేథడ్రల్. తూర్పు జ్ఞానులు పరాయి దేశం నుంచి వచ్చి క్రీస్తు శిశువును దర్శించిన పండుగ పేరది. ఆ ఇంటి తలుపు పరదేశులకు తెరిచే ఉంది. పరదేశిగా ఉన్న తనను చేర్చుకున్నారా అని తీర్పు దినాన ప్రభువు అడుగుతానన్నాడు. ఏ ఓడలో ఏ సరుకు దిగిందని ఆయన అడగడు.