ఖాళీ దారికి వెల చెల్లించినది ఎవరు?

ఫ్రాన్సు దేశము, సైకిలు అనే రెండు మాటలు కలిపి వింటే చాలామందికి టూర్ ద ఫ్రాన్స్ పందెము గుర్తుకు వస్తుంది. 1903లో మొదలైన ఆ పందెములో గడియారమే రాజు. అయితే ఆ దేశములో గడియారముతో పనిలేని సైకిలు ప్రయాణము కూడా ఉన్నది. భార్యాభర్తలు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, పిల్లలను వెంటబెట్టుకొన్న తల్లిదండ్రులు లారీలు, కార్లు తిరగని చిన్న దారులు వెదకి, కొండలు ఎక్కుతూ దిగుతూ, పల్లె తరువాత పల్లె చూస్తూ సాగిపోతారు. ఈ నెల ఆ దారులను గూర్చి వ్రాస్తున్నాము. అవి అంత ఖాళీగా ఎందుకున్నాయో కూడా చెప్పవలసి ఉన్నది.

మెప్పు కోసము తొక్కవద్దన్న పెద్దాయన

ఈ విధమైన ప్రయాణానికి ఫ్రాన్సులో పెద్దగా ఎంచబడే వ్యక్తి పాల్ ద వివీ (1853–1930). "వెలోసియో" అన్నది ఆయన కలము పేరు. సెయింట్ ఎతియెన్ పట్టణములో మొదట పట్టు వ్యాపారము చేసి, తరువాత సైకిళ్ళ వైపు తిరిగి, సైకిలు ప్రయాణికుల కోసము ఒక పత్రిక నడిపారు. ఆయన నేర్పిన నియమాలు ఇంటి పెద్దలు చెప్పే మాటలవలె ఉంటాయి. ఆకలి కాకముందే తినాలి, దప్పిక కాకముందే త్రాగాలి. మొదటి గంటలలోనే బలమంతా ఖర్చు చేయరాదు. తిండి, నిద్ర సహించనంతగా అలసిపోరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పదిమంది మెప్పు కోసము తొక్కరాదు.

కొండ ఎక్కడానికి గేర్లు వాడడము చేతకానితనము కాదని ఆయన ఏళ్ళ తరబడి వాదించారు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు మాత్రము చైనును ఒక చక్రము నుండి మరొక చక్రానికి మార్చే డెరైలర్ గేర్లను 1937 వరకు అనుమతించలేదు. నేడు ఆ పందెములో అటువంటి గేరు లేని సైకిలే కనబడదు. ముందు చిన్న పళ్ళచక్రము, వెనుక పెద్ద పళ్ళచక్రము ఉంటే మధ్యవయస్కులు కూడా కూర్చున్నచోటు నుండి లేవకుండా ఘాట్ రోడ్డు ఎక్కగలరు.

సేవెన్ కొండలలో

మేము ముగ్గురము ఇటువంటి దారులను చూచినది దక్షిణ ఫ్రాన్సులోని సేవెన్ కొండలలో. (ఇంగ్లీషులోని ఏడుకు, ఈ పేరుకు ఏ సంబంధమూ లేదు!) నీమ్ నగరము నుండి అలేస్ పట్టణానికి రైలు ఉన్నది. అక్కడికి సమీపములోని సెయింట్ జాన్ దు గార్ అనే చిన్న ఊరి నుండి ఫ్లొరాక్ వరకు సుమారు 50 కి.మీ. దారి కొండ నెత్తిమీదుగా పోతుంది. ఇరుప్రక్కల లోయలు, చెస్ట్‌నట్ చెట్ల అడవి, నల్లని రాతిపలకలు కప్పిన ఇండ్లు కనబడతాయి. ఫ్లొరాక్ నుండి తార్న్ నది వెంట సుమారు 20 కి.మీ. పోతే పాంట్ ద మోంవేర్ వస్తుంది. అక్కడి నుండి సుమారు 12 కి.మీ. ఎక్కితే 1,541 మీటర్ల ఎత్తున ఫినియెల్ కనుమ ఉన్నది. "ట్రెజర్ ఐలండ్" రచయిత స్టీవెన్సన్ 1878లో ఒక గాడిదను తోలుకొని 12 రోజులు నడిచి సెయింట్ జాన్ దు గార్ చేరినది ఈ కొండల మీదుగానే.

దారిని ఎంచుకోవడానికి మిషెలిన్ వారి పటము చాలును. అందులో ఎర్రగీత పెద్ద రోడ్డు, పసుపుగీత దాని తరువాతది, తెల్లగీత చిన్నది. గీత ప్రక్కన ఆకుపచ్చ అంచు ఉంటే అది చూడచక్కని దారి. గీతపై ఒక బాణపు గుర్తు ఉంటే 5 నుండి 9 శాతము ఎక్కుడు, అనగా వంద మీటర్లు పోయేసరికి అయిదు నుండి తొమ్మిది మీటర్లు పైకి పోతాము. రెండు గుర్తులుంటే 9 నుండి 13 శాతము, మూడుంటే అంతకు మించినది. అలేస్, ఫ్లొరాక్‌ల మధ్య లారీలు, కార్లు ఎన్ 106 అనే జాతీయ రహదారిని పట్టుకొంటాయి. అందువలన ప్రక్కనున్న చిన్న దారులు సైకిలువారికి మిగిలాయి. వేసవి సెలవులలో మోటారు సైకిళ్ళ జోరు ఉంటుంది గనుక మే, జూన్ నెలలు మేలు. శరదృతువులో ఈ కొండలపై కుంభవృష్టి కురిసి వాగులు ఒక్కసారిగా పొంగుతాయి.

మాలో ఒక సహోదరుడు అరవై దాటినవారు. ఆయనను ముందుంచి మేమిద్దరము వెనుక తొక్కాము. బలముగలవాడు ముందుంటే బలహీనుడు ఊపిరాడక వెంటపడతాడు, లేదా వెనుకబడిపోతాడు. నెమ్మదిగలవారు ముందుంటే ముగ్గురూ కలిసే చేరతారు. కుటుంబముతో పోయేవారు తప్పక పాటించదగిన పద్ధతి ఇది.

ఈ నిశ్శబ్దము ఎక్కడిది?

గంటసేపు తొక్కినా రెండు మూడు కార్లకు మించి ఎదురుకాని సమయాలున్నాయి. పక్షుల కూత, చైను చప్పుడు, మన ఊపిరి తప్ప మరేమీ వినబడదు. అలసిన మనసుకు అది ఎంతో హాయి. అయితే ఈ హాయి ఊరికే రాలేదు. ఈ కొండలలో అధికభాగము ఉన్న లోజేర్ జిల్లాలో 1851లో సుమారు 1,44,000 మంది ఉండేవారు. నేడు ఉన్నది సుమారు 76,000 మంది. ఐరోపా భూభాగములోని ఫ్రాన్సులో అతి తక్కువ జనాభా గల జిల్లా ఇదే.

పోయినవారు ఎందుకు పోయారు? ఈ కొండవారు చెస్ట్‌నట్ చెట్టును "రొట్టె చెట్టు" అనీ, మల్బరీ చెట్టును "బంగారు చెట్టు" అనీ పిలిచేవారు. ఒకటి కడుపు నింపేది, రెండవది పట్టుపురుగులను పోషించి చేతికి డబ్బు తెచ్చేది. హిందూపురము, మడకశిర ప్రాంతపు పాఠకులకు దీనిని వివరింపనక్కరలేదు. 1850ల నుండి పట్టుపురుగులకు తెగులు సోకింది. 1865లో లూయీ పాశ్చర్ అలేస్ వచ్చి కొన్నేళ్ళు శ్రమించి, సూక్ష్మదర్శినితో పరీక్షించి ఆరోగ్యమైన గ్రుడ్లను వేరుచేసే పద్ధతి నేర్పారు. కాని అప్పటికే ఆసియా దేశాల పట్టు చవకగా వచ్చిపడింది. తరువాత కృత్రిమపు పట్టు వచ్చింది. చెస్ట్‌నట్ చెట్లకూ తెగులు పట్టింది. యువకులు అలేస్ బొగ్గు గనులకు, నగరాలకు దిగిపోయారు. మిగిలిన వారిలో అనేకులను 1914–18 యుద్ధము మ్రింగింది. ఊరూరా ఆ యుద్ధములో చనిపోయినవారి పేర్లు చెక్కిన రాతిస్తంభము ఉన్నది. ఊరు చిన్నది, జాబితా పొడవైనది. ఒకే ఇంటిపేరు రెండు మూడు సార్లు కనబడినప్పుడు సైకిలు దిగి నిలబడకుండా పోలేము.

మేము తొక్కిన కొండదారికి అంతకంటె పాత చరిత్ర ఉన్నది. 1685లో 14వ లూయీ రాజు నాంట్ శాసనాన్ని రద్దుచేసి ప్రొటెస్టంటుల ఆరాధనను నిషేధించాడు. ఈ కొండవారు లోబడలేదు. అడవులలో, గుహలలో రహస్యముగా కూడుకొన్నారు. 1702లో పాంట్ ద మోంవేర్‌లో తిరుగుబాటు మొదలైనది. వారిని అణచడానికి సైన్యమూ ఫిరంగులూ పోగలిగేలా రాజప్రతినిధి బావిల్ ఈ కొండలలో దారులు వెడల్పు చేయించాడు. ఫిరంగుల కోసము వేసిన దారిలో నేడు పిల్లలు సైకిలు తొక్కుతున్నారంటే కాలము ఎంత మారినదో గదా!

అతిథి మర్యాద

ఇంత వెల చెల్లించిన దారిపై మనము అతిథులమని తలంచాలి. మధ్యాహ్నము పన్నెండు నుండి రెండు గంటల వరకు పల్లె దుకాణాలు మూసి ఉంటాయి, కొన్నిచోట్ల సోమవారము కూడా. విసుగుకొనక ఉదయమే రొట్టె కొని పెట్టుకోవాలి. నీటికి సమాధుల తోటలలోని కుళాయిలు ఆదుకొంటాయి, త్రాగడానికి పనికిరాదని బోర్డు లేదని చూచుకొని పట్టుకోవాలి. ఎదురైన ప్రతివారికీ "బోంజూర్" చెప్పాలి. రోడ్డుకు కుడిప్రక్కన, మలుపులలో ఒకరి వెనుక ఒకరుగా పోవాలి. పాత ఊళ్ళలో గుర్తు లేని కూడలి వస్తే కుడివైపు నుండి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ఊరి వెలుపల సైకిలును దాటే వాహనము ఒకటిన్నర మీటరు ఎడము ఇవ్వాలని అక్కడి చట్టము. పన్నెండేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ 2017 నుండి తప్పనిసరి, పెద్దలకూ అది మంచిదే. దిగుడులో బ్రేకు పట్టుకొనే ఉండక, మలుపుకు ముందే వేగము తగ్గించి వదలాలి.

ఒక పల్లెలో రొట్టెల దుకాణపు తల్లి మాతో వచ్చిన స్థానిక మిత్రుని ద్వారా ఒక మాట చెప్పింది. వేసవిలో సైకిలువారు కొనే రొట్టెల ఆదాయము వల్లనే చలికాలములో తన పొయ్యి వెలుగుతున్నదట. ఆ పొయ్యి ఆరితే, ఊరిలో మిగిలిన ముసలివారు రొట్టె కోసము లోయ దిగి పోవలసినదే. మేము మరి నాలుగు రొట్టెలు కొన్నాము. అది దానము కాదు, దారికి మనము చెల్లించవలసిన సుంకము.

మన ప్రాంతములోనూ తాళము వేసిన ఇండ్లు వరుసగా కనబడే ఊళ్ళున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు, అరుగుమీద పెద్దవారు దారి చూస్తుంటారు. ఒకప్పుడు సంఘకాపరి సైకిలు ఆ ఊళ్ళన్నీ తిరిగేది. సైకిలు వేగములో పోయేవాడికి ఎవరి ఇంటి తలుపు మూసి ఉన్నదో, ఎవరి పొయ్యి పొగ రావడము లేదో కనబడుతుంది. కారు అద్దము వెనుక నుండి అది కనబడదు.

కనుక ప్రియులారా, ఫ్రాన్సు పోయినా, మీ సొంత మండలములోని చిన్న దారిలో పోయినా, నిశ్శబ్దాన్ని మాత్రమే అనుభవించి తిరిగి రాకండి. దిగండి, పలకరించండి, ఊరిలోని చిన్న కొట్టులో ఏదైనా కొనండి.